పొగ చూసి ఫైరింజను పిలవకండి: ఒక కంట్రీ పాట రికార్డింగు డైరీ

పల్లెటూరి గొప్ప చెప్పుకొనే హుషారైన కంట్రీ (అమెరికా పల్లెల బాణీ) పాట ఒకటి, ఇంట్లో ఒక గదిలో, 400 డాలర్ల లోపు ఖర్చుతో రికార్డు చేయాలి. మేము పెట్టుకున్న పని అదీ. పాట రాసి పాడినది మా పక్క పొలం పెద్దాయన. వయసు 71, పొగాకు రైతు. ఫిడేలు ఆయన మనవరాలిది, హైస్కూలు చదువుతోంది. మైకులు, వైర్లు, ఈ డైరీలో కనిపించే తప్పుల్లో ముప్పావు వంతు నావి. ఊరు అమెరికాలో టెనెసీ రాష్ట్రం, రాబర్ట్‌సన్ కౌంటీ. కంట్రీ సంగీతానికి పుట్టిల్లుగా చెప్పుకొనే నాష్‌విల్ నగరం మాకు దక్షిణంగా ముప్పావు గంట ప్రయాణం. మా ఊరి వాలంటీరు అగ్నిమాపక దళం ఏప్రిల్‌లో చందాల కోసం ఒక విందు పెడుతుంది. పాట అక్కడ వినిపించాలి.

మొదటి వారం ఉత్సాహం గురించి రాయడం లేదు, దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఎక్కడ చెడింది, ఎంత చెడింది, ఏమి మార్చాము అన్నవే రాస్తున్నాను. ఖర్చు, గంటలు ప్రతి దశ చివర కూడుతూ వచ్చాను.

దశ 1: మాటలు (నవంబరు మొదటి రెండు వారాలు)

మొదటి చిత్తు నేను రాశాను. మొదటి తప్పు అదే. పదహారు పాదాలు. ట్రక్కు, మట్టిరోడ్డు, బూట్లు, ఏటిగట్టు, చల్లని బీరు, వెన్నెల, అన్నీ ఉన్నాయి. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని, పెన్సిలు తీసుకుని 11 పాదాలు కొట్టేశారు.

"ఇది ఏ ఊరి పాట?"

"మన ఊరిదే కదండీ."

"కాదు. రేడియోలో ఉండే ఊరిది."

ఆ పూట నాకు కాస్త కోపం వచ్చిన మాట నిజం. తర్వాత ఇద్దరం కలిసి ఒక పరీక్ష పెట్టుకున్నాం. ఎవరైనా తమ ఊరి మీద పాట కట్టుకోవాలంటే ఇది పనికొస్తుంది:

1. పాదంలో మీ ఊరి పేరు తీసేసి వెయ్యి మైళ్ల అవతలి ఊరి పేరు పెట్టండి. పాదం చెక్కుచెదరకపోతే కొట్టేయండి.
2. వస్తువు పేరు వస్తే, దానితో ఎవరు ఏ పని చేస్తున్నారో వెంటనే రావాలి. ఊరికే నిలబడి ఉన్న ట్రక్కు వద్దు.
3. "గొప్ప", "గర్వం" అన్న మాటలు పాటలో ఎక్కడా కనిపించకూడదు.

ఈ జల్లెడలో మిగిలినది పొగ. ఈ కౌంటీలో పండేది పొగబెట్టి ఆరబెట్టే ముదురు రంగు పొగాకు. మొక్కను మొదలంటా నరుకుతారు. నాలుగు అడుగులకు పైగా ఉండే కర్ర చివర ఇనుప మొన తొడిగి, మొక్కల కాడలను ఒకదాని తర్వాత ఒకటి దానికి గుచ్చుతారు. ఆ కర్రలను చెక్క కొట్టంలో అంచెలంచెలుగా వేలాడదీస్తారు. కింద నేల మీద గట్టి చెక్క ముక్కలు పేర్చి, పైన రంపపు పొట్టు కప్పి, మంట లేవకుండా రోజుల తరబడి రాజేస్తారు. చూరు కింద నుంచి, పలకల సందుల నుంచి పొగ ఊటలా వస్తూనే ఉంటుంది. సెప్టెంబరు వచ్చిందంటే కౌంటీ అంతా ఆ వాసనే. కొత్తగా కాపురం వచ్చినవాళ్లు కొట్టం తగలబడిపోతోందని అగ్నిమాపక దళానికి ఫోను చేస్తారు. బండి వేసుకుని వచ్చే వాలంటీర్లలో కొందరు స్వయంగా పొగాకు రైతులే. వచ్చి, చూసి, పొగ రంగు మీద ఒక అభిప్రాయం చెప్పి, మంచినీళ్లు తాగి వెళ్తారు.

పాట అదే. పల్లవి భావం తెలుగులో చెప్పాలంటే: పొగ చూసి ఫైరింజను పిలవకు తమ్ముడూ, మా ఊళ్లో చలికాలం ఇలాగే తలుపు తడుతుంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మాది ప్రకాశం జిల్లా కొండపి వైపు. చిన్నప్పుడు సెలవులన్నీ పొగాకు బ్యారన్ల దగ్గరే గడిచాయి. మా దగ్గర పండేది వర్జీనియా రకం. ఆకు ఆకు కోసి, కర్రలకు అల్లి, బ్యారన్‌లో పేర్చి, ఇనుప గొట్టాల ద్వారా వేడిని మాత్రమే లోపలికి పంపుతారు. పొగ బయటికి పోవాల్సిందే. ఫోనులో అమ్మకు ఇక్కడి పద్ధతి వివరిస్తే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఆకుకు పొగ తగిలితే వేలంలో ఎవడు కొంటాడురా?" అంది. పెద్దాయనకు ఈ మాట చెప్పాను. ఆయన నవ్వి, రెండో చరణంలో ఒక పాదం దీనికే కేటాయించారు: సముద్రం అవతల ఒక తల్లి మా పొగను చూసి ముక్కున వేలేసుకుంటుంది.

ప్రాస గురించి ఒక్క మాట. తెలుగు పద్యానికి ప్రాస రెండో అక్షరంలో ఉంటుంది. ఇంగ్లీషు పాటకు ప్రాణం పాదం చివర. రెండో చరణంలో "కర్రకు ఆరు మొక్కలు" అన్న పాదం ఉంది. ఇంగ్లీషులో సిక్స్‌కు స్టిక్స్‌తో చక్కగా ప్రాస కుదిరింది. పెద్దాయనకు పాట మొత్తంలో అదే ముద్దు. ఈ పాదాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి రావాల్సి వస్తుంది.

ఖర్చు: 0. ఇప్పటివరకు: 0 డాలర్లు, 14 గంటలు.

దశ 2: వేగం, శ్రుతి (నవంబరు మూడో వారం)

పాట కొలత ఇది: ఎత్తుగడ 4 ఆవృత్తాలు, చరణం 16, పల్లవి 16, చరణం 16, పల్లవి 16, ఫిడేలు 8, మలుపు 8, పల్లవి 16, ముగింపు 4. మొత్తం 104 ఆవృత్తాలు, ఆవృత్తానికి నాలుగు మాత్రల చొప్పున 416 మాత్రలు.

హుషారంటే వేగమని అనుకుని నిమిషానికి 168 మాత్రలు పెట్టాను. పాట 2 నిమిషాల 29 సెకన్లలో ముగిసింది, పెద్దాయన ఊపిరి రెండో పల్లవికే ముగిసింది. కొన్ని పాదాల్లో 13 అక్షరాలు ఉన్నాయి. 168 వేగంలో ఒక్కో అక్షరానికి దక్కేది 179 మిల్లీసెకన్లు. ఇంగ్లీషు మాటల చివర హల్లులు గుంపులుగా ఉంటాయి, వాటిని నమిలి మింగేంత వ్యవధి లేదు. 148కి దించితే అక్షరానికి 203 మిల్లీసెకన్లు వచ్చాయి. పాట నిడివి 2 నిమిషాల 49 సెకన్లు. తమాషా ఏమిటంటే, వేగం తగ్గాకే పాట హుషారుగా వినిపించింది. వినేవాళ్లు కాలు ఆడించడానికి మాత్రల మధ్య ఖాళీ ఉండాలి కదా.

మాత్రలు చెప్పే యంత్రం లేకుండా ఆయనను ఒకసారి వాయించమని కొలిచాను. 146తో మొదలై 159 దగ్గర ముగిసింది. ఒంటరిగా పాడుకుంటే అది తప్పు కానే కాదు. తర్వాత దాని మీద ఫిడేలు, తాళం వేరువేరుగా ఎక్కించాలంటే మాత్రం కుదరదు.

శ్రుతి విషయంలో నాష్‌విల్ వాళ్ల అంకెల పద్ధతి చేతిలో ఉంటే సగం గొడవ తప్పుతుంది. 1950ల చివర్లో జోర్డనైర్స్ గాయక బృందంలోని నీల్ మాథ్యూస్ మొదలుపెట్టిన పద్ధతి ఇది, చార్లీ మెకాయ్ లాంటి వాద్యకారులు దాన్ని స్టూడియోల్లో వ్యాప్తికి తెచ్చారు. కార్డుల (కలిపి మోగించే స్వరాల గుంపుల) పేర్లు రాయరు, 1, 4, 5 అని అంకెలు వేస్తారు. మనవాళ్లకు ఇది కొత్త కాదు. శంకరాభరణం స్వరాల్లో షడ్జం మీద కట్టిన కార్డు 1, మధ్యమం మీద 4, పంచమం మీద 5. శ్రుతి ఎంత మార్చినా స-మ-ప మారవు, కాగితం మీద అంకెలూ మారవు. మేము మూడుసార్లు శ్రుతి మార్చాం, కాగితం ఒక్కటే.

1. ఏ (A) శ్రుతి: పల్లవిలో ఎత్తైన స్వరం ధైవతం. ఐదుసార్లు పాడితే మూడుసార్లు గొంతు చీలింది.
2. ఎఫ్ శ్రుతి: గొంతుకు హాయి. కానీ గిటారు మెడ మీద ఐదో మెట్టుకు కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు) బిగించాల్సి వచ్చింది, నాదం పలచబడింది. ఫిడేలుకు ఖాళీ తీగల (వేలు పెట్టకుండా మోగే వాటి) సహాయం చాలావరకు పోయింది.
3. జీ శ్రుతి: ధైవతం అందింది, గిటారు నిండుగా మోగింది, ఫిడేలు ఊరట చెందింది. ఇదే ఖాయం.

కాపో 15, కొత్త తీగలు 8. ఇప్పటివరకు: 23 డాలర్లు, 20 గంటలు.

దశ 3: గది (నవంబరు చివర నుంచి జనవరి దాకా)

ఎక్కువ కాలం, ఎక్కువ మాటలు దీనికే.

పొగాకు పాటను పొగాకు కొట్టంలోనే రికార్డు చేయాలన్నది నా పంతం. అప్పటికి కొట్టం ఖాళీ అయింది, గోడలకు దశాబ్దాల మసి. ఫొటో తీస్తే అద్భుతంగా ఉంటుంది. రికార్డింగు సంగతి వేరు. ఫోనులో ధ్వని కొలిచే యాప్‌తో చూస్తే ఎవరూ మాట్లాడనప్పుడు కూడా 47 డెసిబెల్‌లు. రేకుల మీద గాలి, దూరంగా రహదారి, దూలాల మీద పిచ్చుకలు. మా ఇంటి గదిలో అదే యాప్ 34 చూపించింది. ఫోను యాప్ అంకెలను గీటురాయిగా తీసుకోనక్కర్లేదు, తేడా మాత్రం నమ్మదగినదే.

పైగా చలి. ఆ రోజు 9 డిగ్రీలు. వెచ్చని ఇంట్లో శ్రుతి చేసి తెచ్చిన గిటారు 20 నిమిషాల్లో 12 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) పైకి పోయింది. చలికి ఉక్కు తీగ ముడుచుకుంటుంది, బిగువు పెరుగుతుంది, శ్రుతి ఎక్కుతుంది. మనవరాలు చేతులు చంకల్లో పెట్టుకుని నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. రెండు రోజులు పోగొట్టుకుని సామాను ఇంటికి మోశాం.

ఇంటి గది 3.4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు. ప్రతిధ్వని తగ్గడానికి పెద్దాయన భార్య నాలుగు బొంతలు పంపారు. గుడ్డ పేలికలు కలిపి కుట్టినవి. మా నాయనమ్మ కుట్టిన బొంతల పక్కన పెడితే వేరు చేయడం కష్టం. కడ్డీలకు తగిలించాం. చప్పట్లు కొడితే టంగుమనే మోత పోయింది. సమస్య తీరిందని ఆ రాత్రి ప్రశాంతంగా పడుకున్నాను.

మర్నాడు గిటారు రికార్డు చేస్తే ఒకే ఒక్క స్వరం ఎద్దులా రంకె వేసింది. జీ. పాట శ్రుతే జీ కాబట్టి ప్రతి రెండో ఆవృత్తంలో ఆ రంకె తప్పదు. మైకు మార్చాను, గిటారు మార్చాను, తీగలు మార్చాను. నాలుగు సాయంత్రాలు పోయాయి. కాగితం మీద లెక్క వేశాకే దొంగ దొరికాడు.

గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. రెండు ఎదురెదురు గోడల మధ్య నిలిచే మొదటి తరంగం పౌనఃపున్యం కావాలంటే దీన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగించాలి. 343 ÷ 6.8 = 50 హెర్ట్జ్. రెండో తరంగం దానికి రెట్టింపు, సుమారు 101. గిటారు లావు తీగ మీద మూడో మెట్టులో పలికే జీ 98 హెర్ట్జ్. అంటే గది గోడలు, పాట షడ్జం దాదాపు ఒకే శ్రుతిలో ఉన్నాయి. మేము కుర్చీ వేసినది గది నడిమధ్యన, ఆ రెండో తరంగం ఒత్తిడి గరిష్ఠంగా ఉండే చోట్లలో ఒకటి. బొంతలు దీన్ని ఆపలేవు. తరంగం నిడివి మూడున్నర మీటర్లు, బొంత మందం రెండు సెంటీమీటర్లు.

చేసినది ఇంతే:

1. గది పొడవును నాలుగు భాగాలు చేశాం. ఆ తరంగానికి ఒత్తిడి తక్కువగా ఉండే చోటు గోడ నుంచి నాలుగో వంతు దూరంలో, అంటే 85 సెంటీమీటర్ల దగ్గర.
2. గిటారు, మైకు రెండూ ఆ గీత మీదకి వచ్చేలా కుర్చీ జరిపాం.
3. అదే జీ మళ్లీ వాయించి కొలిస్తే 6 డెసిబెల్‌లు తగ్గింది.
4. కుర్చీ కాళ్ల దగ్గర నేల మీద టేపు అంటించాం.

దీనికి పైసా ఖర్చు కాలేదు. మొదట లెక్క వేసుకుని ఉంటే నాలుగు సాయంత్రాలూ మిగిలేవి. ఒక గదిలో ఏ శ్రుతికి పాడబోతున్నారో చూసుకుని, గది కొలతలతో దాన్ని పోల్చుకోవడం పది నిమిషాల పని.

జనవరిలో మరో దెబ్బ. ఇంట్లో హీటరు నడిచీ నడిచీ గాలి ఎండిపోయింది. తేమ కొలిచే మీటరు కొని పెడితే 24 శాతం. గిటారు చెక్క ముడుచుకుని తీగలు మెట్లకు తగిలి జరజరమంటున్నాయి, మెట్ల అంచులు అరచేతిని గీరుతున్నాయి. సబ్బుపెట్టెకు చిల్లులు పొడిచి, తడిపి గట్టిగా పిండిన స్పాంజి అందులో పెట్టి, గిటారు పెట్టెలో ఉంచాను. ఐదు రోజుల్లో పెట్టె లోపల 46 శాతం. జరజర ఆగింది.

తేమ మీటరు 11, కడ్డీలు, మేకులు 14. ఇప్పటివరకు: 48 డాలర్లు, 29 గంటలు. పోగొట్టుకున్న సాయంత్రాలు ఈ గంటల్లో లేవు. అవి కలిపితే నాకు సిగ్గేస్తుంది.

దశ 4: గిటారు (జనవరి చివర)

పాత సరుకు కొన్నాం: రెండు మైకులను కంప్యూటరుకు కలిపే ఇంటర్‌ఫేసు 85, కండెన్సరు మైకు 70, స్టాండ్లు రెండు 40, వైర్లు 22. రెండో మైకు అరువు తెచ్చుకున్నది.

మొదటి తప్పు మైకును గిటారు నోటికి ఎదురుగా పెట్టడం. పీపాలో బియ్యం పోసినట్టు వినిపించింది. మెడ, ఒళ్లు కలిసే చోటుకు గురిపెట్టి 25 సెంటీమీటర్ల దూరం ఇస్తే సరిపోయింది. రెండో తప్పు లెవెలు. చరణంలో సున్నాకు (డిజిటల్ యంత్రం పట్టగల గరిష్ఠ ధ్వనికి) 3 డెసిబెల్‌ల కిందకి సర్ది పెట్టాను. పల్లవి వచ్చేసరికి పెద్దాయన ఉత్సాహం ఆ మూడింటినీ దాటిపోయింది, ధ్వని పగిలింది. డిజిటల్‌లో పగిలినది అతకదు. మైనస్ 12 దగ్గర పెట్టుకుంటే ఉత్సాహానికి చోటు మిగులుతుంది.

మూడోది హెడ్‌ఫోన్లు. "నా వెనక ఎవడో నన్ను వెక్కిరిస్తున్నాడు" అన్నారు పెద్దాయన. కంప్యూటర్ ధ్వనిని కాస్త పోగుచేసి పంపే బఫరు 512 శాంపిళ్లు, వేగం సెకనుకు 48,000 శాంపిళ్లు. పోవడానికి 10.7 మిల్లీసెకన్ల ఆలస్యం, రావడానికి మళ్లీ అంతే. 128కి దించి, ఇంటర్‌ఫేసు మీద నేరుగా వినిపించే బటను నొక్కితే వెక్కిరించేవాడు పోయాడు.

నాలుగోది యంత్రం కొట్టే టిక్కు టిక్కు. దాన్ని ఆయన పరమ అసహ్యించుకున్నారు. "ఆసుపత్రిలో పడుకున్నట్టుంది." ఏమి చేయాలో తోచక, రెండు పొగాకు కర్రలు తెచ్చి ఒకదానితో ఒకటి కొట్టి ఆ చప్పుడు రికార్డు చేసి, దాన్నే 148 వేగంలో యంత్రం చేత కొట్టించాను. మూడో ప్రయత్నానికే గిటారు దారిలో పడింది. ఆ కర్రల చప్పుడు చివరి పాటలోనూ ఉంచేశాం.

27 టేకులు. 217 డాలర్లు. ఇప్పటివరకు: 265 డాలర్లు, 50 గంటలు.

దశ 5: తాళం, ఫిడేలు, ఒక అత్యాశ (ఫిబ్రవరి)

డ్రమ్ములు లేవు, పెట్టే చోటూ లేదు. కంట్రీ సంగీతం దీనికి ఎప్పుడో దారి చూపింది. 1925లో నాష్‌విల్ రేడియో కార్యక్రమంగా మొదలైన గ్రాండ్ ఓల్ ఓప్రీ వేదిక చాలా కాలం డ్రమ్ములను దగ్గరికి రానివ్వలేదు. కంట్రీ గాయకుడు జానీ క్యాష్ గిటారు తీగల మధ్య కాగితం దూర్చి డ్రమ్ము లాంటి చప్పుడు రాబట్టేవాడు. మేము పిజ్జా అట్టపెట్టె వాడాం. లోపల వార్తాపత్రిక మడిచి పెట్టి, తీగల బ్రష్షులతో మాత్రకు రెండు చొప్పున, రెండో మాత్ర మీద, నాలుగో మాత్ర మీద ఊనిక ఇస్తూ కొడితే రైలు కదిలినట్టు ఉంటుంది. పిజ్జా తిన్నాక పెట్టెను రెండు రోజులు ఆరనివ్వండి. నూనె మరకల మీద బ్రష్షు అంటుకుపోయి మొదటి ఎనిమిది టేకుల్లో ఐదు పాడయ్యాయి.

ఫిడేలుకు మైకు 20 సెంటీమీటర్ల దగ్గర పెడితే చెవిలో సూది గుచ్చినట్టుంది. పైనుంచి 70 సెంటీమీటర్ల దూరానికి జరిపితే చెక్క వినిపించింది. అసలు చిక్కు అది కాదు. ఆ పిల్ల బాగా వాయిస్తుంది. బాగా వాయించేవాళ్లు ఖాళీ కనిపిస్తే ఊరుకోలేరు. లెక్కపెడితే పాటలో 22 చోట్ల ఫిడేలు దూరింది, వాటిలో సగానికి పైగా తాతగారి మాటల మీదే. తాత నోరు విప్పలేదు. చెప్పాల్సిన పని నా మీద పడింది. నేను చెబితే నొచ్చుకుంటుందని ఒక ఉపాయం చేశాను. మాటలు అచ్చువేసిన కాగితం ఇచ్చి, తాతగారు ఊపిరి పీల్చే చోటల్లా చుక్క పెట్టమన్నాను. తొమ్మిది చుక్కలు పెట్టింది. కాసేపు ఆ కాగితం వైపే చూసి, "తొమ్మిదేనా వాయించాల్సింది?" అని తనే అడిగింది. 19వ టేకు ఖాయం.

అత్యాశ నాది. కంట్రీ పాట అంటే పెడల్ స్టీలు ఉండాలని. పది తీగలు, రెండు చేతులు, రెండు పాదాలు, మోకాళ్లు కూడా పనిచేసే వాద్యం. వాయించేవారిని పిలిచే స్తోమత లేదు. హవాయి దీవుల్లో పుట్టిన స్టీలు గిటారు పద్ధతిలో, నా పాత గిటారును ఒళ్లో పడుకోబెట్టి ఇనుప కడ్డీతో జారుదామనుకున్నాను. వీణలో జారు గమకం విని పెరిగిన చెవి కదా, ఎంతసేపు వస్తుందిలే అన్న ధీమా. చెవికి వచ్చినది చేతికి రావాలని ఎక్కడా రాసి లేదు. ఆరు గంటల శ్రమలో వాడుకోదగినవి రెండు స్వరాలు. ముగింపులో ఉన్నాయి. కడ్డీ ఖరీదు 16 డాలర్లు, స్వరానికి ఎనిమిది.

బ్రష్షులు 18, పిజ్జా 12, కడ్డీ 16. ఇప్పటివరకు: 311 డాలర్లు, 67 గంటలు.

దశ 6: గొంతు (మార్చి మొదట)

ఉదయం పూట పెద్దాయన గొంతు బాగుండదు. పశువులకు మేత వేసి వచ్చి, సాయంత్రం నాలుగింటికి పాడితే బాగుంటుంది. ఇది తెలుసుకోవడానికి మూడు ఉదయాలు పట్టాయి. "ప", "బ" ఊదినప్పుడు మైకులో గాలి కొట్టకుండా ఇనుప తీగ చట్రానికి పాత మేజోడు బిగించాం.

పల్లవికి జంటగొంతు నేను పాడాను. పై స్వరం పట్టుకుని పక్కపక్కనే నడవాలి. ఏకస్వరంలో పెరిగిన చెవి నాది. మూడో మాటకల్లా ఆయన స్వరంలోకి జారిపోతున్నాను. 31 టేకులు. వంటింట్లోంచి వచ్చిన ఆయన భార్య తడి చేతులు తుడుచుకుంటూ రెండు టేకుల్లో పాడేశారు. చర్చిలో 50 ఏళ్లుగా అదే పని అట.

నిమ్మకాయలు, తేనె 6. ఇప్పటివరకు: 317 డాలర్లు, 79 గంటలు.

దశ 7: కలపడం (మార్చి చివర)

రికార్డు చేసినవన్నీ కలిపే రీపర్ సాఫ్ట్‌వేరు లైసెన్సు 60 డాలర్లు. నేను మొదట చేసిన మిక్సు చాలా బిగ్గరగా ఉంది, మీటరులో మైనస్ 9. ట్రక్కులో వింటే రెండో పల్లవికి చెయ్యి దానంతట అదే గుండీ మీదికి పోయి ధ్వని తగ్గించింది. మైనస్ 14కి దించాను. గొంతుకు చిన్న ప్రతిధ్వని ఒకటే ఇచ్చాను. 148 వేగంలో మాత్ర 405 మిల్లీసెకన్లు, దానిలో నాలుగో వంతు 101. పాత కంట్రీ రికార్డుల్లో వినిపించే ఆ ఒక్క తట్టు అదే.

అన్నీ కుదిరాయని అగ్నిమాపక దళం హాలుకు వెళ్లి వాళ్ల స్పీకర్లలో పెట్టి చూశాం. గిటారు మాయం. గొంతు ఉంది, ఫిడేలు ఉంది, అట్టపెట్టె కూడా ఉంది. గిటారు మాత్రం రేకు డబ్బాలో పురుగు తిరిగినట్టుంది. కారణం దొరకడానికి రెండు రాత్రులు పట్టింది. గిటారుకు రెండు మైకులు పెట్టాను, ఒకటి 25 సెంటీమీటర్ల దగ్గర, ఒకటి 60 దగ్గర. ఒకదాన్ని ఎడమ స్పీకరుకు, ఒకదాన్ని కుడికి పంపాను. హెడ్‌ఫోన్లలో విశాలంగా ఉంది. హాలులో ఎడమ, కుడి కలిసి ఒకటే అయిపోతాయి. రెండు మైకుల మధ్య 35 సెంటీమీటర్ల తేడా అంటే ఒక మిల్లీసెకను ఆలస్యం. కలిసినప్పుడు 490 హెర్ట్జ్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, 1,470 దగ్గర మళ్లీ. గిటారుకు కండ ఉండేదే అక్కడ. దూరపు మైకును పూర్తిగా తీసేశాను. ఎప్పుడు మిక్సు చేసినా మోనో (ఎడమ, కుడి కలిపి ఒకటిగా వినిపించే) బటను నొక్కి వినండి. పల్లెటూరి హాళ్లలో స్టీరియో ఉండదు.

ఇప్పటివరకు: 377 డాలర్లు, 105 గంటలు.

దశ 8: విందు (ఏప్రిల్)

ఫోను నుంచి స్పీకరుకు అడాప్టరు 9 డాలర్లు. మొత్తం 386 డాలర్లు, 110 గంటలు.

పాట రెండుసార్లు వేశారు. మొదటి పల్లవికి వాలంటీర్ల బల్ల దగ్గర నవ్వులు. ఒకాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని, గతేడాది ఆ ఫోను చేసినది తానేనని లేచి ఒప్పుకున్నాడు. రెండో పల్లవికి బల్లల మీద దరువు మొదలైంది, యంత్రం లేకపోయినా దాదాపు 148లోనే.

పాట అయ్యాక పెద్దాయన ఈడు రైతు ఒకరు పళ్లెం పట్టుకుని మా బల్ల దగ్గరికి వచ్చారు. "పాట బాగుంది. కానీ గతేడాది నీ మొక్కలు లావు కదా. నీ కర్రకు ఐదే గుచ్చావు. నేను చూశాను."

పెద్దాయన ఏమీ అనలేదు. ఇంటికి వెళ్తూ ట్రక్కులో కూడా మాట్లాడలేదు. మా వాకిట్లో దిగేటప్పుడు, "ఆ పాదం మళ్లీ పాడాలి" అన్నారు. సిక్స్ పోతే స్టిక్స్‌కు ప్రాస ఉండదు కదా అన్నాను. "నాకు తెలుసు" అన్నారు.

మిగిలిన పనులు:

1. రెండో చరణం, ఐదో పాదం: "ఐదు"తో ప్రాస కుదిరే కొత్త పాదం రాయాలి. మూడు చిత్తులు అయ్యాయి, మూడూ ఆయనే కొట్టేశారు.
2. ఆ పాదం పాడించాలి. సాయంత్రం నాలుగు తర్వాత మాత్రమే.
3. బొంతలు తిరిగి ఇవ్వకూడదు, ఇంకా అవసరం ఉంది. నేల మీద 85 సెంటీమీటర్ల టేపు ఊడదీయవద్దని ఇంట్లో చెప్పాలి.